విశాఖలో కార్పొరేటర్ పదవికి పోటీ చేయబోయే వారికి ఒక ఓటరు బహిరంగ లేఖ

అమ్మా, అయ్యా,

మీలో కొందరికి పార్టీ టిక్కెట్టు దాదాపు ఖాయమై ఉంటుంది. కొందరు ఇంకా ఎమ్మెల్యేగారి ఇంటి చుట్టూ తిరుగుతూ ఉంటారు. వార్డు రిజర్వేషను ఎటు తిరుగుతుందో తెలియక తన పేరూ భార్య పేరూ రెండూ సిద్ధంగా ఉంచుకున్నవారు కూడా ఉంటారు. ఎవరైనా సరే, విశాఖ మహానగర పాలక సంస్థ కౌన్సిల్లో కూర్చోవాలని ఆశపడే ప్రతి ఒక్కరికీ ఈ లేఖ. మీది ఏ పార్టీ అన్నది నాకు అక్కరలేదు. మీరు కూర్చోవాలనుకుంటున్న కుర్చీ ఎన్నేళ్లు ఖాళీగా పడి ఉందో, ఖాళీగా ఉన్నప్పుడు ఈ ఊళ్లో ఏమేం జరిగిపోయాయో మీకు గుర్తుందా అన్నదే నా సందేహం.

విశాఖలో పురపాలన ఈనాటిది కాదు. 1858లోనే ఊరి బాగోగుల కోసం ఇక్కడ ఒక స్వచ్ఛంద సంఘం ఏర్పడింది. పక్కనే ఉన్న భీమునిపట్నం 1861లో మునిసిపాలిటీ అయింది. దేశంలోని పాత మునిసిపాలిటీలలో అదొకటి. ఆ తరువాత నాలుగైదేళ్లకే విశాఖ కూడా మునిసిపాలిటీ అయింది. అప్పట్లో మునిసిపాలిటీ అంటే కలెక్టరు అధ్యక్షతన ప్రభుత్వం నియమించిన కొందరు పెద్దమనుషులు, అంతే. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాక, 1884 నాటి మద్రాసు చట్టంతో ఎన్నికైన సభ్యుల సంఖ్య పెరిగింది. అది కూడా పన్ను కట్టే కొద్దిమంది ఓటుతోనే. కలెక్టరు చేతిలో ఉన్న పురపాలన ఊరివాళ్ల చేతికి రావడానికి దశాబ్దాలు పట్టింది.

1979లో విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. తొలి ఎన్నికలు 1981లో జరిగాయి. పుట్టి ఏడాది మాత్రమే అయిన భారతీయ జనతా పార్టీ తరఫున ఎన్.ఎస్.ఎన్. రెడ్డి తొలి మేయరయ్యారు. ఇప్పటి కుర్రాళ్లకు ఈ సంగతి చెబితే నమ్మరు. తరువాత 1987లో తెలుగుదేశం నుంచి న్యాయవాది డి.వి. సుబ్బారావు, 1995లో కాంగ్రెస్ నుంచి సబ్బం హరి, 2000లో రాజాన రమణి, 2007లో కాంగ్రెస్ నుంచి పులుసు జనార్దనరావు ఆ పీఠం ఎక్కారు. ఈ ఊరి ఓటరు ఏ పార్టీకీ శాశ్వతంగా రాసివ్వలేదు. మధ్యలో కొన్నాళ్లు మేయరును నేరుగా ఓటర్లే ఎన్నుకునే పద్ధతి కూడా వచ్చింది, పోయింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. 1979 నుంచి 2021 వరకు 42 ఏళ్లు. ఆ మధ్యకాలంలో కొలువుదీరిన కౌన్సిళ్లు ఐదు. ఒక్కొక్కదానికి ఐదేళ్లు పూర్తిగా వేసుకున్నా మొత్తం ఇరవై ఐదేళ్లే. మిగిలిన పదిహేడేళ్లూ ఈ నగరాన్ని ఎన్నిక కాని అధికారులు నడిపారు. 1992 తరువాత ఖాళీ, 2005 తరువాత ఖాళీ, ఇక 2012లో మొదలైన ఖాళీ అయితే దాదాపు తొమ్మిదేళ్లు సాగింది. ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు పదో తరగతికి వచ్చేదాకా ఈ నగరంలో ఏ వార్డుకూ కార్పొరేటరు లేడు.

ఎందుకు లేడంటే, ప్రతిసారీ ఒక కారణం దొరికింది. 2005 నవంబరులో గాజువాక మునిసిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి మహా విశాఖ చేశారు. సుమారు 111 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా 500 దాటింది. 2013లో భీమునిపట్నాన్ని, అనకాపల్లిని కూడా కలిపారు. దాంతో విస్తీర్ణం సుమారు 680కి చేరింది. విలీనం మీద వివాదాలు, వార్డుల పునర్విభజన, రిజర్వేషన్ల ఖరారు, కోర్టుల్లో కేసులు అంటూ ఏళ్లు దొర్లించారు. రాష్ట్ర విభజన అన్నారు. చివరికి 2020 మార్చిలో ఎన్నికల ప్రక్రియ మొదలైతే కరోనా వచ్చి ఆపింది. ఒక్క కరోనా తప్ప మిగతావేవీ ఆకాశం నుంచి ఊడిపడ్డ ఆటంకాలు కావు. ప్రభుత్వం తలచుకుంటే ఆర్నెల్లలో తేలే పనులు. ఆ తొమ్మిదేళ్లలో రాష్ట్రంలో మూడు పార్టీల ప్రభుత్వాలు మారాయి. తొందర మాత్రం ఎవరికీ పుట్టలేదు.

రాజ్యాంగం ఈ విషయంలో డొంకతిరుగుడుగా ఏమీ లేదు. 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పురపాలక మండలి గడువు ఐదేళ్లు, అంతకు మించి ఒక్కరోజు లేదు. ఆ గడువు ముగియకముందే కొత్త ఎన్నికలు పూర్తి కావాలి. అహ్మదాబాద్ నగరపాలక సంస్థ కేసులో 2006లోనూ, మధ్యప్రదేశ్ స్థానిక ఎన్నికల కేసులో 2022లోనూ సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. వార్డుల విభజన తెమలలేదన్నది ఎన్నికలు ఆపడానికి సాకు కాదని తేల్చింది. అయినా మన ఉత్తరాంధ్రలోనే శ్రీకాకుళం చూడండి. 2010లో పాలకవర్గం గడువు ముగిసింది. రాష్ట్రంలో చాలా పట్టణాలు 2014లో ఓటేశాయి, 2021లో ఓటేశాయి. గ్రామాల విలీనం చిక్కుల్లో పడి శ్రీకాకుళం ఆ రెండుసార్లూ చూస్తూ కూర్చుంది. మధ్యలో పట్టణం కాస్తా నగరపాలక సంస్థగా హోదా పెంచుకుంది కూడా. కౌన్సిల్ లేని కార్పొరేషన్ అన్నమాట.

ఇప్పుడు మీకు చెప్పవలసిన అసలు సంగతికి వస్తాను. మనవాళ్లలో చాలామంది అంటుంటారు, బహుశా మీ ఇంట్లోనూ అనే ఉంటారు: "కార్పొరేటర్లు లేనప్పుడే ఊరు శుభ్రంగా ఉండేది." ఈ మాటను కొట్టిపారేయలేం. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విశాఖకు 2016లో దేశంలో ఐదో ర్యాంకు, 2017లో మూడో ర్యాంకు వచ్చాయి. రెండుసార్లూ కౌన్సిల్ లేదు. తొలివిడత 20 స్మార్ట్ సిటీల జాబితాలో 2016 జనవరిలో విశాఖ చోటు సంపాదించింది. అప్పుడూ లేదు. వీధుల్లో సోడియం దీపాలు పోయి ఎల్‌ఈడీలు వెలిగినప్పుడూ లేదు. మంచి అధికారులు వచ్చారు, మంచి పనులు చేశారు. వారి పేరు నిలబడాలి.

అయితే అదే కాలంలో ఇంకేమి జరిగాయో కూడా చూడాలి. స్మార్ట్ సిటీ పనులన్నీ ఒక ప్రత్యేక కంపెనీ చేతిలో పెట్టారు. ఏ రోడ్డు బాగుచేయాలి, ఏ పార్కుకు ఎన్ని కోట్లు అన్నది ఆ బోర్డు గదిలో తేలింది. 2018లో మన నగరపాలక సంస్థ బాండ్లు అమ్మి 80 కోట్ల రూపాయల అప్పు తెచ్చింది. అప్పు తేవడం తప్పని నేను అనను. కానీ తీర్చేది మన పన్నులతోనే కదా, తేవాలా వద్దా అని చర్చించడానికి మన మనిషి ఒక్కడూ ఆ గదిలో లేడు. 2020 నవంబరులో రాష్ట్రంలో ఆస్తిపన్ను పద్ధతినే మార్చేశారు. అంతవరకు అద్దె విలువ మీద వేసే పన్నును ఆస్తి మూలధన విలువ మీదకు తిప్పారు, ఏడాదికి 15 శాతానికి మించి పెరగదని ఒక పరిమితి పెట్టారు. ఇంటి యజమాని జేబును తిన్నగా తాకే ఇంత పెద్ద మార్పు చట్టమైన నాడు విశాఖలో దానిపై అవుననో కాదనో అనగల కౌన్సిల్ లేదు. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చాయి. వాటిలో కార్యదర్శులను నియమించి, పనుల పంపకం చేసి, అంతా కుదురుకున్నాక కార్పొరేటర్లు వచ్చారు. ఆలస్యంగా వచ్చిన చుట్టం ముందు మిగిలిన అన్నం పెట్టినట్టు, అప్పటికి వారికంటూ ఒక పని మిగల్లేదు.

విపత్తుల మాట చెప్పనే లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని కకావికలం చేసింది. చెట్లు కూలి వీధులు మూసుకుపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. సాక్షాత్తు ముఖ్యమంత్రి వచ్చి ఇక్కడే మకాం వేశారు. రాజధాని కదిలివచ్చింది, కాదనను. కానీ కొండవాలు బస్తీలో ఏ మెట్ల వరుస మీద చెట్టు పడిందో, ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలావిడ ఉందో, ఏ సందులోకి నీళ్ల ట్యాంకరు తిరగదో ముఖ్యమంత్రికి ఎలా తెలుస్తుంది? ఆ వీధిలో ఓట్లడిగిన మనిషికి తెలుస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ వాయువు ఊళ్లోకి పాకి పన్నెండుమంది చనిపోయారు. నిద్రలోంచి లేచి పరుగెత్తిన జనానికి ఎటు పరుగెత్తాలో చెప్పే కార్పొరేటరు లేడు. అంతకంటే ముఖ్యం, ఇళ్ల నడుమ ఉన్న ఆ కర్మాగారం గురించి అంతకుముందు ఎనిమిదేళ్లుగా నగర సభలో లేచి ఒక ప్రశ్న అడిగే సభ్యుడూ లేడు. అడిగి ఉంటే ప్రమాదం తప్పేదని నేను చెప్పలేను. అడిగే చోటే లేకుండా పోయిందని మాత్రం చెప్పగలను.

సరే, 2021 మార్చి 10న ఓటేశాం. 98 వార్డులకు వైఎస్సార్ కాంగ్రెస్ 58, తెలుగుదేశం 30, జనసేన 3, భాజపా, సీపీఐ, సీపీఎంలు ఒక్కొక్కటి, స్వతంత్రులు 4. మేయరుగా గొలగాని హరి వెంకట కుమారి వచ్చారు. ఆ ఐదేళ్ల గడువు 2026 మార్చితో సరి. తొమ్మిదేళ్ల ఆకలి తీరుతుందనుకున్నాం. ఏం చూశాం? సమావేశం రోజు మేయరు పోడియం చుట్టూ కూర్చోవడం, ప్లకార్డులు, అవతలివారి నినాదాలకు ఇవతలివారి ప్రతినినాదాలు. ఆ హోరు మధ్యే అజెండాలోని అంశాలు చకచకా ఆమోదం పొందడం. ఇక టేబుల్ అజెండా ఒకటి ఉంది, మీకు తెలియనిది కాదు. అసలు అజెండా పుస్తకం ముందుగా సభ్యుల ఇళ్లకు వస్తుంది, చదవాలనుకున్నవారు చదువుకోవచ్చు. టేబుల్ అజెండా అలా కాదు. సభలో కూర్చున్నాక కాగితాలు చేతిలో పెడతారు. ఏ స్థలం ఎవరికి లీజుకిస్తున్నారో, ఏ కాంట్రాక్టు గడువు పొడిగిస్తున్నారో తేరిపార చూసేలోగా అది ఆమోదమైపోతుంది. చేతులెత్తినవారి పేర్లు ఎక్కడా కనిపించవు. రేపు ఆ లీజు గురించి వార్డులో ఎవరైనా అడిగితే "నాకు తెలియకుండా జరిగింది" అని ప్రతి కార్పొరేటరూ అనగలడు. అది అబద్ధం కూడా కాకపోవచ్చు.

2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ ఆగస్టులోనే స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ) ఎన్నికల్లో పదికి పది స్థానాలూ కూటమి గెలుచుకుంది. వార్డు ఓటరును ఎవరూ అడగలేదు, కండువాలు మారిపోయాయి. నాలుగేళ్లు నిండగానే 2025 ఏప్రిల్‌లో మేయరు మీద అవిశ్వాసం వచ్చింది. ఎక్స్ అఫీషియో సభ్యులతో, అంటే పదవి రీత్యా ఓటుండే ఎమ్మెల్యేలు, ఎంపీల వంటివారితో కలిపి 111 మందిలో మూడింట రెండు వంతులంటే 74. సరిగ్గా 74 మంది చేతులెత్తారు. పీలా శ్రీనివాసరావు మేయరయ్యారు. చట్టం ఇచ్చిన హక్కును వాడుకోవడాన్ని నేను తప్పుపట్టను. అవిశ్వాసం ప్రజాస్వామ్యంలో భాగమే. కానీ దానికి ముందు నడిచిన శిబిరాలున్నాయే, బెంగళూరు, మలేషియా దాకా వెళ్లాయని పత్రికలు రాసిన ఆ శిబిరాలు, వాటికి బిల్లు ఎవరు కట్టారు? కట్టినవారికి ఆ బిల్లు తిరిగి ఎలా వస్తుంది? కొళాయిలో నీళ్లు రాక ఫోను చేసిన ఓటరుకు ఆ రోజుల్లో మీ తోటి సభ్యులు ఏ ఊరి నుంచి జవాబు చెప్పారు?

చట్టం ప్రకారం నగరపాలక సంస్థకు మూడు అంగాలు: కౌన్సిల్, స్థాయీ సంఘం, కమిషనరు. 1955 నాటి హైదరాబాద్ నగరపాలక చట్టం పద్ధతినే 1979లో విశాఖకూ తెచ్చారు. అమలుచేసే అధికారం కమిషనరుది. ఆయన్ను పంపేది, వెనక్కి పిలిచేది రాష్ట్ర ప్రభుత్వం. నగర ప్రణాళికేమో విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) చేతిలో ఉంది. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణ ప్రణాళిక పురపాలక సంస్థల పనుల్లో మొట్టమొదటిదిగా రాసి ఉన్నా సరే. చెత్త పన్ను సంగతి చూడండి. పెట్టింది అమరావతి, 2024లో తీసేసింది అమరావతి. పెట్టినప్పుడు మన కౌన్సిల్లో ఒక పక్షం బల్లలు చరిచింది, తీసేసినప్పుడు రెండో పక్షం చరిచింది. మన ఇంటి చెత్తకు ఎంత ఖర్చవుతుంది, ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలి, కాపులుప్పాడ యార్డు మీద భారం ఎలా తగ్గాలి అని విశాఖవాళ్లం కూర్చుని తేల్చుకున్న రోజు ఒక్కటీ లేదు.

మీ చేతిలో అధికారం తక్కువన్నది నిజమే. అందుకే ఉన్నదాన్నైనా ఎమ్మెల్యేగారి చేతిలో పెట్టకండి అంటున్నాను. ఎమ్మెల్యే రెండు మూడు లక్షల మందికి ఒకడు. కార్పొరేటరు సగటున ఇరవై వేల మందికి ఒకడు. 2011 లెక్కల ప్రకారం కలిసిన పట్టణాలతో సహా నగర జనాభా 20 లక్షల పైచిలుకు, వార్డులు 98, మీరే భాగించుకోండి. ఆ ఇరవై వేల మందిలో సగం ముఖాలు మీకు తెలిసి ఉండాలి. సోమవారం పూట నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయానికి ఒకసారి వెళ్లి చూడండి. అర్జీని ప్లాస్టిక్ కవరులో మడతపడకుండా పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చినవాళ్లు వరుసలో నిలబడి ఉంటారు. వీధి దీపం, గెడ్డలో పూడిక, పైపు లీకేజీ, పేరులో అక్షరం తప్పు. ఇవీ అర్జీలు. ఇందులో ఒక్కటైనా కమిషనరు దాకా రావలసిన పనేనా? ఎదురుగా గాంధీ విగ్రహం దగ్గర రోజూ ఏదో ఒక ధర్నా. ఆ గేటుకు ఇవతల ధర్నా చేసేవాళ్లు, అవతల అర్జీ పట్టుకున్నవాళ్లు, వీళ్లిద్దరి మధ్య ఉండవలసిన మనిషి మీరే.

అనకాపల్లివారి అవస్థ మరీ విచిత్రం. 2022 ఏప్రిల్‌లో ఆ పట్టణం కొత్త జిల్లాకు కేంద్రమైంది. కలెక్టరు అక్కడే ఉంటారు. మునిసిపల్ పాలన మాత్రం పక్క జిల్లాలోని విశాఖ నుంచి సాగుతుంది. భీమిలివారికి నూటయాభై ఏళ్ల సొంత మునిసిపాలిటీ పోయి కొన్ని వార్డులు మిగిలాయి. మధురవాడ, కొమ్మాది, పెందుర్తి వాళ్లకు ఒకప్పుడు సర్పంచి ఉండేవాడు, పొద్దున్నే ఇంటి అరుగు మీద దొరికేవాడు. నగరంలో కలిశాక పన్ను పెరిగింది. 2012 తరువాత సర్పంచీ లేడు, కార్పొరేటరూ లేడు. ఈ ప్రాంతాల నుంచి పోటీ చేసేవారు మిగతావారికంటే రెట్టింపు గట్టిగా మాట్లాడాలి.

మీలో సగంమంది మహిళలే ఉంటారు, రిజర్వేషను పుణ్యమా అని. అమ్మా, మీతో విడిగా ఒక మాట. సమీక్షలో మీ కుర్చీ పక్కన మరో కుర్చీ వేసి మీ భర్తను కూర్చోబెడితే, ఇంజనీరు మీవైపు కాక ఆయనవైపు తిరిగి మాట్లాడితే, ఆ కుర్చీ తీయించండి. రాజాన రమణి ఈ నగరానికి ఐదేళ్లు మేయరుగా ఉన్నారు. మహిళ నడపలేదన్న మాట ఇక్కడ ఎప్పుడో చెల్లిపోయింది. అయ్యా, తమ భార్య తరఫున ప్రచారం చేయబోయేవారికి కూడా ఇదే మనవి. గోడ పత్రికలో మీ ఫొటో ఆవిడ ఫొటో కంటే పెద్దదిగా వేయించకండి, చాలు.

ఓటడగడానికి మీరు ఎలాగూ మా గుమ్మం ఎక్కుతారు. అప్పుడు నేను అడగబోయేవి ఇప్పుడే చెబుతున్నాను, సిద్ధపడి రండి. రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణం మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. మీ వార్డులో దాన్ని వేయిస్తారా, మూడు నెలలకోసారైనా కూర్చోబెడతారా? కౌన్సిల్ అజెండాను సమావేశానికి ముందే వార్డు సచివాలయం గోడకు అంటిస్తారా? టేబుల్ అజెండాలో భూమి, లీజు, కాంట్రాక్టు అంశాలు వస్తే అసమ్మతి రాయించి సభ నుంచి బయటికి వస్తారా? ఆమోదించిన ప్రతి అంశానికీ ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేర్లతో నమోదు చేయాలని తొలి సమావేశంలోనే తీర్మానం పెడతారా? వేల కోట్ల బడ్జెట్టును ఒక్క పూటలో ముగించకుండా మీ వార్డు పద్దు వరకైనా చదివి వస్తారా? పార్టీ శిబిరానికి బస్సు పంపితే ఎక్కుతారా, మానతారా? ఎక్కదలచుకుంటే అదీ ముందే చెప్పండి.

ఇంకొకటి మిగిలింది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మీ గడువు ఇంకా ఏడాది ఉందనగానే వార్డుల విభజన, రిజర్వేషన్లు సకాలంలో ముగించి ఎన్నికలు జరపాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని, ఎన్నికల సంఘాన్ని కోరుతూ కౌన్సిల్‌తో తీర్మానం చేయించాలి. వారు కదలకపోతే మీరే హైకోర్టు మెట్లెక్కాలి. 2012లో గడువు ముగిసినప్పుడు కుర్చీ దిగిన సభ్యులందరూ ఇళ్లకు వెళ్లిపోయారు, తరువాతి కౌన్సిల్ ఎప్పుడని గట్టిగా పట్టుబట్టిన పార్టీ ఏదీ నాకు కనబడలేదు. మళ్లీ గెలుస్తామో లేదో అన్న భయంతో కాబోలు, ఖాళీయే నయమనుకున్నారు. మీరు అలా అనుకోరని నమ్మకం కలిగించండి. ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసి, సంతకం పెట్టి, కరపత్రంతో పాటు ఇవ్వండి. మా అపార్టుమెంటు నోటీసు బోర్డు మీద ఐదేళ్లూ ఉంచే పూచీ నాది.

ఇట్లు,
విశాఖ ఓటరు ఒకరు